బయటి తలుపు వార్నిష్ పెచ్చులుగా ఊడుతోంది: ఇంటి కలపకు నిలిచే పూత ఏది?

తూర్పుగుమ్మం

అందరికీ నమస్కారం. మా ముందు తలుపు టేకుతో చేసిన పలకల తలుపు. బిగించినప్పుడు దానికి రంగు లేని మెరుపు వార్నిష్‌ను మూడు పూతలుగా వేయించాము. చూరు నీడ పడే పైభాగం ఇప్పటికీ బాగానే ఉన్నది కాని, నేల నుంచి మోకాలి ఎత్తు వరకు వార్నిష్ తెల్లబారి, గోటితో గీకితే పెచ్చులుగా లేచి వస్తున్నది. మరమేకుల చుట్టూ నల్లని మరకలు పడ్డాయి. వానలు మొదలైతే కింది భాగం ఉబ్బి, తలుపు గడపకు రాసుకుంటున్నది. ఊడిన చోట గీకి, మరో రెండు పూతలు మందంగా వేస్తే సరిపోతుందని పనివారు అంటున్నారు. దీనికి బదులు పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ వంటి గట్టి పూత వేయిస్తే గట్టిగా నిలుస్తుందా?

ఇదే సమయంలో కిటికీ చట్రాలకు, ఆరుబయట ఉన్న బల్లకు, లోపలి భోజనాల బల్లకు కూడా పూత వేయించాలని ఉన్నది. అన్నింటికీ ఒకే డబ్బాతో సరిపెట్టవచ్చునా అన్నది నా రెండవ ప్రశ్న.

పాతచిత్రిక

పూత సంగతి తరువాత. ముందు రెండు విషయాలు చూసి చెప్పండి. ఊడిన పెచ్చును తిరగేసి వెలుతురులో పరిశీలించండి. దాని వెనుక నున్నగా, శుభ్రంగా ఉన్నదా, లేక బూడిదరంగు నార ఏమైనా అంటుకొని ఉన్నదా? రెండవది, తలుపు కిందికి ఒక చిన్న అద్దాన్ని జరిపి, కింది అంచుకు వార్నిష్ వేశారో లేదో చూడండి. వీలైతే పై అంచును కూడా చేత్తో తడిమి చూడండి.

తూర్పుగుమ్మం

చూశాను. పెచ్చు వెనుక సన్నని బూడిదరంగు పీచు పొరలాగా అంటుకొని ఉన్నది. కింది అంచుకు అసలు పూత లేదు. కర్ర నల్లబడి, వేలితో నొక్కితే కొంచెం మెత్తగా తగులుతున్నది. పై అంచు కూడా పచ్చి కర్రగానే ఉన్నది, దానిపై దుమ్ము పేరుకున్నది.

పాతచిత్రిక

అయితే లోపం వార్నిష్ మందంలో లేదు. మీ తలుపుకు రెండు వైపుల నుంచి దెబ్బ తగిలింది: ముందు నుంచి ఎండ, కింది నుంచి నీరు.

ఎండ సంగతి చెబుతాను. కలపలోని నారను ఒకదానికొకటి పట్టి ఉంచే పదార్థం లిగ్నిన్. అతినీలలోహిత కిరణాలు తగిలితే అది విచ్ఛిన్నమవుతుంది. రంగు లేని వార్నిష్ గుండా ఆ కిరణాలు చాలావరకు సాగిపోయి కర్ర ముఖాన్నే తాకుతాయి కాబట్టి, పైన వార్నిష్ చెక్కుచెదరకుండా కనిపిస్తున్నప్పటికీ, దాని కింద ఉన్న పలుచని కర్ర పొర పట్టు కోల్పోయి వదులవుతుంది. మీ పెచ్చుల వెనుక అంటుకున్న పీచు అదే. వార్నిష్ కర్రను వదలలేదు. కర్రే కర్రను వదిలింది. పెచ్చు వెనుక శుభ్రంగా ఉండి ఉంటే, తడి కర్రపైనో మైనం అంటిన ముఖంపైనో పూత వేశారని నేను అనుమానించేవాణ్ణి. ఇటువంటి పొరపై మరో రెండు పూతలు వేస్తే, ఆ పూతలు కూడా అదే వదులు నారతో కలిసి ఊడి వస్తాయి.

ఇక నీరు. చెట్టులో నీటిని మోసిన నాళాలు కలప పొడవునా సాగుతాయి. కర్రను అడ్డంగా కోసినప్పుడు ఆ నాళాల నోళ్లు తెరుచుకుంటాయి కనుక, అడ్డకోత ముఖం పీపాలో పెట్టిన గొట్టాల కట్టలాగా నీటిని పీలుస్తుంది; పక్క ముఖం పీల్చేదానితో పోలిస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ. పలకల తలుపులో నిలువు పట్టీల అడ్డకోతలు సరిగ్గా కింది అంచులోనూ పై అంచులోనూ ఉంటాయి. కంటికి కనబడవు కాబట్టి పని చేసేవారు అక్కడికి కుంచె తీసుకుపోరు. నేల మీద చిందిన వాననీరు అక్కడి నుంచి పైకి ఎక్కి, వార్నిష్ పొర వెనుకకు చేరుతుంది. ఎండ కాసినప్పుడు ఆ తేమ బయటికి రావాలని చూస్తుంది. వెలుపల గట్టి పొర అడ్డుగా ఉంటుంది. అప్పుడు పొర తెల్లబారి, బొబ్బలెక్కి, లేస్తుంది.

ఏ పూత అయినా తేమ రాకపోకలను నెమ్మదింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపలేదు. గాలిలోని తేమ మారినప్పుడల్లా కలప ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, అదీ అడ్డం వైపే ఎక్కువ. పొడవులో వచ్చే మార్పు లెక్కలోకి రానంత స్వల్పం. తేమ సుమారు 30 శాతానికి చేరేవరకు ఈ ఉబ్బు కొనసాగుతుంది. 20 శాతానికి పైగా తేమ ఎక్కువ కాలం నిలిచిన చోట కుళ్లు పుట్టించే శిలీంధ్రాలకు అవకాశం దొరుకుతుంది. మీ కింది అంచు మెత్తబడిందంటే అది ఆ దశను దాటి ఉండవచ్చు. ఒక సన్నని ఉలితో పొడిచి చూడండి. మొన సులువుగా దిగితే ఆ మేరకు కోసి కొత్త ముక్క అతికించవలసి ఉంటుంది, లేకపోతే ఎండబెట్టి పూత వేయవచ్చు.

నీలిరంగు

పాతచిత్రిక గారి విశ్లేషణతో ఏకీభవిస్తున్నాను. అయితే దాని నుంచి తేలే సమాధానం పెయింట్ అనే నా అభిప్రాయం. పెయింట్‌లోని వర్ణకం, అంటే రంగునిచ్చే పొడి, ఎండను కర్ర దాకా పోనివ్వదు. పెయింట్ పట్టడానికి ముందుగా వేసే ప్రైమర్ ఒక పూత, దానిపై బయటి వాడకానికి తగిన యాక్రిలిక్ పెయింట్ రెండు పూతలు వేసిన కిటికీ చట్రం, పక్కనే ఉన్న వార్నిష్ తలుపు కన్నా ఎన్నో సంవత్సరాలు ఎక్కువ నిలుస్తుంది. టేకు గీతలు చూడాలన్న మోజుతో ప్రతి ఏటా గీకుతూ కూర్చోవడం నాకు అర్థం కాని విషయం.

ముదురు రంగులు ఎండలో బాగా వేడెక్కి కర్రను మరింత కదిలిస్తాయి. దేవదారు జాతి కర్రలో ముడులు ఉంటే వాటి నుంచి జిగురు కరిగి పైకి కారుతుంది. అటువంటి ముడులపై ముందుగా లక్క పూత వేసి ఆపైన ప్రైమర్ వేయాలి.

నూనెకుంచె

నీలిరంగు గారూ, కిటికీ చట్రాల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కాని చేవదేరిన టేకు తలుపుపై పెయింట్ వేయడానికి చాలామందికి మనసొప్పదు. మధ్యేమార్గం ఒకటి ఉన్నది. వర్ణకం కలిసి, కర్ర గీతలు కొంతవరకు కనిపించే లోపలికి ఇంకే స్టెయిన్‌లు దొరుకుతాయి. అవి పైన గట్టి పొర కట్టవు కనుక పెచ్చులుగా లేవవు. క్రమంగా అరిగి వెలిసిపోతాయి. వెలిసినప్పుడు కడిగి, ఆరబెట్టి, మరో పూత వేస్తే చాలును. పూతను ఎన్నుకునేటప్పుడు అది ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న కన్నా, పాడైనప్పుడు దాన్ని బాగు చేయడం ఎంత సులువన్న ప్రశ్నను ముందుగా వేసుకోవాలని నేను భావిస్తాను. గట్టి పొర పాడైతే మొత్తం తీయాలి. ఇంకిన పూత పాడైతే ఆ చోటే చూసుకోవచ్చు.

ఆరుబయటి బల్లకైతే నేను పొర కట్టే పూతను అసలు సిఫారసు చేయను. అడ్డంగా పరిచిన ముఖంపై నీరు నిలుస్తుంది, ఎండ నేరుగా పడుతుంది. టేకు బల్లను ఏ పూతా లేకుండా వదిలేసినా అది వెండి బూడిదరంగుకు మారుతుందే కాని వెంటనే పాడుకాదు. మెత్తని కర్రలలో కూడా ఎండావానలకు పైముఖం అరిగేది శతాబ్దానికి సుమారు 6 మిల్లీమీటర్లని చెబుతారు. చూడాలనిపించే రంగు మారుతుంది, బలం మాత్రం నిలుస్తుంది. కాని బల్ల కాళ్ల అడుగులు నేలను తాకే అడ్డకోతలే కాబట్టి, వాటిని మాత్రం పలుచని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో తడిపి మూసివేయండి.

రసాయనశాల

నూనెల విషయంలో కొంత స్పష్టత అవసరం. అవిసె నూనె తడి ఆవిరైపోయి ఆరేది కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేది. పచ్చి అవిసె నూనెకు ఇందుకు రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. ‘బాయిల్డ్’ అని అమ్మేదానిలో ఆ చర్యను వేగవంతం చేసే కోబాల్ట్, మాంగనీస్ వంటి లోహ లవణాలు కలుపుతారు. అయినప్పటికీ బయటి కలపపై ఒట్టి అవిసె నూనె మంచి ఎంపిక కాదు: నీటి ఆవిరిని పెద్దగా అడ్డుకోదు, పైగా బూజుకు అది ఆహారం. తడి వాతావరణంలో నల్లని చుక్కలు రావడానికి అదే కారణం. టంగ్ నూనె నీటిని దీనికన్నా మెరుగుగా తట్టుకుంటుంది. నూనెలో వర్ణకం, బూజు నివారిణి కలిపిన మిశ్రమాలు బయటికి మరింత నయం.

టేకు గురించి ఒక జాగ్రత్త. దానిలో సహజంగా ఉండే జిడ్డు పదార్థాలు నూనె ఆధారిత వార్నిష్ గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తాయి, పట్టును కూడా తగ్గిస్తాయి. అందుచేత నునుపు చేసిన తరువాత అసిటోన్‌లో తడిపిన గుడ్డతో ముఖాన్ని తుడిచి, అది ఆరిన వెంటనే, లోపలి జిడ్డు మళ్లీ పైకి రాకముందే మొదటి పూత వేయాలి.

పాలియురెథేన్ అనేది ఒక్క పదార్థం కాదు. నూనె ఆధారితమైనది కర్రకు తేనె రంగు ఇస్తుంది, కాలక్రమేణా మరింత పసుపెక్కుతుంది, ఒక పూత ఆరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. నీటి ఆధారితమైనది రంగు మార్చదు, వాసన తక్కువ, కొన్ని గంటల్లోనే తరువాతి పూత వేయవచ్చు. అయితే దానిలోని నీటికి కర్ర నార నిక్కబొడుచుకుంటుంది కాబట్టి మొదటి పూత తరువాత తేలికగా రుద్దవలసి ఉంటుంది. ఆ రుద్దడానికి ఇనుప పీచు వాడవద్దు. విరిగిన తునకలు గరుకులో చిక్కుకొని, తరువాతి పూతలోని నీటికి తుప్పు పట్టి, గోధుమరంగు చుక్కలుగా శాశ్వతంగా నిలిచిపోతాయి. ఏది వేసినా, ఇంటి లోపలికని తయారైన పాలియురెథేన్ బయటి తలుపుకు పనికిరాదు. అది గట్టిది, కాని సాగదు. కర్ర కదిలినప్పుడు చీలుతుంది. బయటికి వాడేది కర్రతో పాటు కొంత సాగేదిగా, అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే పదార్థం కలిసినదిగా ఉండాలి. పడవల కోసం మొదలైన స్పార్ వార్నిష్ అటువంటిది. అదికూడా నేరుగా ఎండ పడే చోట ఏడాదికో రెండేళ్లకో పైపూత కోరుతుంది.

తూర్పుగుమ్మం

ఎంతో ఓపికగా వివరించినందుకు ధన్యవాదాలు. తలుపుకు వర్ణకం ఉన్న స్టెయిన్, కిటికీలకు పెయింట్ అన్న నిర్ణయానికి దాదాపు వచ్చాను. ఇప్పుడున్న వార్నిష్‌ను తీయడం ఎలా? నల్లని మరకలు గీకితే పోతాయా? కిటికీల మీద చాలా పాత రంగు పొరలు ఉన్నాయి, వాటిని కూడా యంత్రంతో రుద్దించవచ్చునా?

పాతచిత్రిక

చివరి ప్రశ్నకు ముందుగా జవాబు: పాత రంగును పొడిగా రుద్దించకండి. పూర్వపు పెయింట్లలో సీసం ఉండేది. అమెరికాలో ఇళ్ల పెయింట్లలో దాన్ని నిషేధించినది 1978లో, చాలా దేశాలలో ఇంకా తరువాత. ఆ ధూళి పిల్లలకు అత్యంత ప్రమాదకరం. సీసం లేదని పరీక్షలో తేలేవరకు తడిపి గీకడమే మార్గం. గట్టిగా పట్టి ఉన్న పాత పొరను తీయవలసిన అవసరం కూడా లేదు, లేచిన చోట గీకి, అంచులు సర్ది, లప్పం పెట్టి, పైన ప్రైమర్ వేయవచ్చు. రసాయన ద్రావణంతో తీయిస్తే మిథిలీన్ క్లోరైడ్ లేనిదాన్ని ఎంచుకోండి. మూసిన గదులలో దాని ఆవిరి ప్రాణాలు తీసిన కారణంగానే అమెరికాలో 2019లో ఇంటి వాడకానికి దాని అమ్మకాన్ని నిషేధించారు. ఒట్టి కర్ర ధూళి కూడా తక్కువది కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వర్గపు క్యాన్సర్ కారకాలలో చేర్చింది. మంచి ముసుగు లేకుండా పనిలోకి దిగవద్దు.

తలుపును బందుల నుంచి విప్పి, బల్లలపై పడుకోబెట్టి పని చేయించండి. నిలబెట్టి చేస్తే కింది అంచు మళ్లీ మిగిలిపోతుంది. వార్నిష్‌ను పదునైన గీకుడు రేకుతో నార వెంబడి తీయండి. ఆపైన 80, 120, 150 నంబరు గరుకు కాగితాలను వరుసగా వాడండి; ఒక నంబరును దాటవేస్తే దాని గీతలు స్టెయిన్ వేసిన తరువాత బయటపడతాయి. లోపలికి ఇంకవలసిన పూతకు 150 దగ్గర ఆగడమే మేలు, మరీ నునుపు చేస్తే కర్ర దాన్ని పీల్చుకోదు. బూడిదరంగు పూర్తిగా పోయి, కర్ర అసలు రంగు కనిపించేవరకు రుద్దాలి.

నల్లని మరకలు ఇనుముతో కర్రలోని టానిన్ అనే వగరు పదార్థం కలిసి ఏర్పడినవి. గీకుడుతో పైవి పోతాయి, లోతువి పోవు. ఆక్సాలిక్ ఆమ్లాన్ని గోరువెచ్చని నీటిలో కరిగించి కుంచెతో పూస్తే మరక కళ్లముందే పలచబడుతుంది. అది విషపదార్థం, కాబట్టి చేతి తొడుగులు, కంటి రక్షణ తప్పనిసరి. పని అయ్యాక నీటితో బాగా కడిగివేయాలి, ఎందుకంటే మిగిలిన స్ఫటికాలు తరువాత రుద్దేటప్పుడు ముక్కులోకి పోతాయి. అదే ఇనుప మరమేకులను తిరిగి బిగిస్తే మరక మళ్లీ వస్తుంది. తుప్పు పట్టని ఉక్కువి లేదా ఇత్తడివి వాడండి.

కడిగిన తరువాత తొందరపడకండి. తేమ మీటరుతో 15 శాతం లోపు చూపించేవరకు నీడలో, గాలి ఆడే చోట ఆరనివ్వండి. అలాగని ఒట్టి కర్రను వారాల తరబడి ఎండలో ఉంచనూ వద్దు. మాడిసన్‌లో 1910 నుంచి నడుస్తున్న అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల పదే పదే చెప్పిన విషయం ఇది: రెండు మూడు వారాలు ఎండకు ఉన్న కర్ర ముఖంపై పెయింట్ పట్టు గణనీయంగా తగ్గుతుంది.

బల్లచెక్క

భోజనాల బల్ల గురించి ఎవరూ చెప్పలేదు. మా బల్లపై వేడి పాత్ర పెడితే తెల్లని వలయం పడుతుంది. అది లక్క పాలిష్ అవునో కాదో తెలుసుకునే మార్గం ఉన్నదా?

రసాయనశాల

కనబడని చోట, బల్ల అడుగున, ఆల్కహాల్‌లో ముంచిన దూదితో కొంతసేపు అద్దండి. పూత జిగటగా మారితే అది లక్క. దానికి కరగక లాకర్ థిన్నర్‌కు కరిగితే నైట్రోసెల్యులోజ్ లాకర్. రెండింటికీ చలించకపోతే వార్నిష్ లేదా పాలియురెథేన్. లక్క నీటి ఆవిరిని చక్కగా అడ్డుకుంటుంది, మెరుపులో దానికి సాటి లేదు, కాని వేడికి, ఆల్కహాల్‌కు, సబ్బుల్లోని క్షారానికి తట్టుకోలేదు. రోజూ తుడిచే బల్లకు పాలియురెథేన్ తగినది. వేసిన మరునాడే దానిపై వేడి పాత్రలు పెట్టకండి. చేతికి ఆరినట్లు తోచినా పూర్తిగా గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బల్ల పైముఖానికి వేసినన్ని పూతలే అడుగుకూ వేయండి. ఒక వైపే వేస్తే రెండు ముఖాలూ తేమను వేర్వేరు వేగాలతో తీసుకొని, చెక్క దోనెలా వంగే అవకాశం ఉన్నది.

చెదలపుట్ట

ఒక సందేహం. మంచి వార్నిష్ వేస్తే చెదలు, పురుగు రావని కొందరు అంటారు. నిజమేనా?

పాతచిత్రిక

నిజం కాదు. పూత అనేది ముఖంపై ఉండే పొర. చెదలు పూత లేని వెనుక వైపు నుంచో గోడలో నుంచో వస్తాయి. దానికి కర్రలోకి ఇంకే మందు కావాలి. ఇంటి లోపలి కర్రకు బోరాన్ లవణాలు బాగా పనిచేస్తాయి, మనుషులకు అపాయం తక్కువ. వానకు కరిగి కొట్టుకుపోతాయి కనుక బయట వాడితే పైన పూత తప్పదు. నేలలో పాతే కర్రల కోసం రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి ఒత్తిడితో ఎక్కించే పద్ధతిని 1933లో కనుగొన్నవారు డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశం గారు. దశాబ్దాల పాటు ప్రపంచమంతా దాన్నే వాడింది. ఆర్సెనిక్ భయంతో అనేక దేశాలలో ఇళ్ల వాడకం నుంచి తొలగించారు కాని, పాత కంచె కర్రలలో అది ఇంకా ఉంటుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత కర్రను పొయ్యిలో పెట్టవద్దు, రుద్దవద్దు.

నీలిరంగు

నూనె వాడబోయేవారందరికీ ఒక హెచ్చరిక. అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడి ఆ మడతలలో బయటికి పోలేక, గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో చెలరేగిన మంటలకు మూలం, కర్ర పలకలకు మెరుగు పెట్టినవారు వదిలిపోయిన అటువంటి గుడ్డలే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. గుడ్డలను విప్పి, ఒక్కొక్కటిగా ఆరుబయట తీగపై ఆరవేయండి, లేదా నీటితో నింపిన మూత ఉన్న లోహపు డబ్బాలో ముంచండి.

తూర్పుగుమ్మం

కింది అంచును ఉలితో పొడిచి చూశాను. మొన కొద్దిగా మాత్రమే దిగింది, లోపల కర్ర గట్టిగానే ఉన్నది. కాబట్టి ఆరబెట్టి పూత వేయిస్తాను. ఇంకో విషయం కనబడింది: పలకల చుట్టూ, అవి గాడిలోకి దిగే చోట, సన్నని తెల్లని గీత. అక్కడ కూడా లప్పం పెట్టి మూసేయమంటారా?

పాతచిత్రిక

వద్దు. తలుపు చేసినప్పుడు పలకను గాడిలో వదులుగా ఉంచారు, అది ఉబ్బి తగ్గడానికి అక్కడ చోటు కావాలి. ఎండాకాలంలో పలక కుదించుకొని, గాడిలో దాగిన పూత లేని అంచు బయటపడింది. ఆ గీత అదే. లప్పం పెడితే వానాకాలంలో పలక ఉబ్బి ఆ లప్పాన్ని బయటికి నెట్టేస్తుంది, లేదా పట్టీల అతుకులను విడదీస్తుంది. పలక బాగా కుదించుకొని ఉన్న పొడి రోజులలోనే స్టెయిన్‌ను సన్నని కుంచెతో ఆ గాడిలోకి పోనివ్వండి.

పైఅంచుకు, కింది అంచుకు అవి పీల్చుకున్నంత పూత పోస్తూ ఉండండి. మూడు నాలుగు సార్లు పట్టవచ్చు. పీల్చడం ఆగిన తరువాతే తలుపును బందులకు ఎక్కించండి. గడపకు, తలుపుకు మధ్య కొద్దిపాటి సందు ఉండేలా కింది అంచును ముందే చిత్రిక పట్టించండి. పూత వేసిన తరువాత చిత్రిక పడితే చేసిన పని అంతా పోతుంది.

నూనెకుంచె

ఏటా వానలకు ముందు తలుపు కింది భాగంపై కొన్ని నీటి చుక్కలు చల్లి చూడండి. పూసల్లా నిలిస్తే పూత బాగున్నట్లు; పరుచుకొని ఇంకితే మరో పూతకు సమయం వచ్చినట్లు.

రసాయనశాల

చిన్న సవరణ. నీరు పూసల్లా నిలవడం ఒక్కటే ఆధారం కాదు. తుడవడానికి వాడిన మైనం, సిలికాన్ ఉన్న మెరుగు ద్రవం మిగిలి ఉన్నా పూసలు నిలుస్తాయి. ఆ చుక్కలను కొన్ని నిమిషాల తరువాత తుడిచి, కింద కర్ర రంగు ముదిరిందో లేదో చూడండి. ముదిరితే నీరు లోపలికి పోతున్నట్లే. ఈ పరీక్షను తలుపు ముఖంపై మాత్రమే కాక, అద్దం పెట్టి చూసిన ఆ కింది అంచుకు కూడా తడిగుడ్డ అద్ది చేయండి.